కొనాలా వద్దా అని విప్పి చూసిన కారు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ పెద్దమనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద దాన్ని అచ్చువేస్తారని వినికిడి. బంధువర్గంలో మాత్రం ఆయన పేరు ‘చూద్దాం’. వయసులో చిన్నవాళ్ళు మర్యాదకి ఒక ‘గారు’ తగిలించి ‘చూద్దాంగారు’ అంటారు. కాఫీ తాగుతారా అన్నా, ఇల్లు మారతారా అన్నా, కిటికీకి నీలం పరదానా ఆకుపచ్చ పరదానా అన్నా, ఆయన నోటివెంట వచ్చే మాట అదొక్కటే. ఆ పరదా విషయం తొమ్మిదేళ్ళుగా పరిశీలనలో ఉంది. ఈలోగా కిటికీకి ఒక పాత దుప్పటి వేలాడుతోంది. అది నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు.

ఇదంతా విని ఆయన్ని పిరికివాడు అనుకుంటే పొరపాటు. అది వృత్తిలోంచి వచ్చిన గుణం. ఫోటోకాపీ షాపుకీ, తాళంచెవులు చేసే దుకాణానికీ మధ్య ఇరుక్కుని, షట్టరు పూర్తిగా పైకెత్తితే గానీ లోపల మనిషున్నాడో లేడో తెలియని ఒక గది ఆయన దుకాణం. గోడలకి బెల్టులు, బల్ల మీద సూదులు, నేల మీద ఒళ్ళు విప్పుకుని పడున్న మిషన్లు. ఎవరైనా పాత మిషనొకటి తెచ్చి, “ఇది కొనుక్కోవచ్చా మాస్టారూ, ఒకసారి చూసి చెప్పండి,” అంటే, పైపైన చూసి చెప్పడం ఆయన దృష్టిలో పాపం. అందుకని విప్పుతారు. విప్పినవాటిని కిరసనాయిల్లో కడుగుతారు. కడిగినవాటికి నూనె వేస్తారు. అరిగినవాటిని మారుస్తారు. మళ్ళీ అన్నీ బిగించి, ఒక గుడ్డపీలిక మీద గజం పొడుగు కుట్టు వేసి, కళ్ళజోడు పైకి తోసి, “బాగుంది, కొనుక్కోండి,” అంటారు.

బాగుండక ఏం చేస్తుంది? ముప్ఫై ఏళ్ళలో ఆయన బాగాలేదన్న మిషను ఒక్కటీ లేదు. వీధి జనం దీన్ని ఆయన హస్తవాసి అనుకున్నారు. పాత సామాన్ల వ్యాపారులు తమ అదృష్టం అనుకున్నారు. ఆయన మాత్రం, లోకంలో చెడ్డ మిషన్లంటూ లేవనే ఒక తాత్విక నిర్ణయానికి వచ్చేశారు.

ఇలా ప్రశాంతంగా సాగుతున్న జీవితంలోకి ఒక ఫ్యాక్టరీ వచ్చి పడింది. ఊరికి దూరంగా, స్కూళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ అది. అందులో నూట నలభై మిషన్లు. సూపర్‌వైజరావిడ స్వయంగా దుకాణానికి వచ్చింది. కూర్చోవడానికి చోటు లేక ఒక మిషను తల పక్కకి జరిపి, ఆ స్టాండు మీదే కూర్చుంది.

“ఏడాది పొడుగునా మా మిషన్లన్నీ మీరే చూసుకోవాలి. చెడినవాటిని ఇక్కడికి తెచ్చుకుని, బాగుచేసి తెచ్చివ్వాలి. ఒకటో తారీకు సోమవారం పడింది. ఆ పొద్దున ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుండాలి. ఒక్క నిమిషం దాటినా మా వాచ్‌మన్ రానివ్వడు. బండి ఉందిగా మీకు?”

“ఉంది,” అన్నారు చూద్దాంగారు.

ఆ మాట ఎవరన్నారా అని ఆయన చుట్టూ చూశారు. దుకాణంలో వేరే ఎవరూ లేరు. యాభై నాలుగేళ్ళ జీవితంలో ఒక ప్రశ్నకి అదే నిమిషంలో జవాబు చెప్పడం ఆయనకిదే మొదలు. పైగా ఆ జవాబు అబద్ధం.

ఆయనకున్నది స్కూటరు. దాని వెనక సీటు మీద ఒక మిషను తలని తాడుతో కట్టి తీసుకెళతారు. రెండోది పట్టదు. భార్య కూడా పట్టదు. ఆవిడ పదేళ్ళుగా బస్సు కిటికీలోంచి, తన భర్త వెనక మిషను కులాసాగా కూర్చుని వెళ్ళడం చూస్తూనే ఉంది.

ఆ భార్య ఒక పెద్దాసుపత్రిలో టోకెన్లు ఇచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. రోజుకి నాలుగొందలమంది బాధలు వినీ వినీ, ఇంట్లో కూడా ఆ ధోరణిలోకి వచ్చేసింది.

“ఏమైంది? ఒక్క ముక్కలో చెప్పండి,” అంది, ఆయన మొహం చూసి.

“నూట నలభై మిషన్లు. కారుందని చెప్పాను.”

“ఎన్నాళ్ళు టైముంది?”

“ఆరు ఆదివారాలు.”

“మీ పెద్దమ్మగారు కారు అమ్మేస్తానంటున్నారు. వెళ్ళి చూడండి. తరవాత?”

తరవాత ఇంకేమీ లేకపోవడంతో ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కానీ చూద్దాంగారు వెనకే వెళ్ళి ఒక షరతు పెట్టారు. ఫ్యాక్టరీ సంగతి పెద్దమ్మ చెవిన పడకూడదు. పడితే ఆవిడ కారు ఊరికే ఇచ్చేస్తుంది. అమ్మ తోడబుట్టింది కదా అని ఊరికే తీసుకుంటే, ఇక జన్మలో ఆవిడ ముందు కాలు మీద కాలేసుకుని కూర్చోగలమా? కనక అవసరం లేనట్టు వెళ్ళాలి, ఆవిడ చెప్పిన ధరకి కొనాలి, సంతోషంగా ఇంటికి రావాలి. ఆ కుటుంబంలో ఇది మర్యాద. తమకేం కావాలో పైకి చెప్పడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

పక్క దుకాణం తాళాలాయనకి ఈ ఆలోచన బొత్తిగా నచ్చలేదు.

“అన్నా, పరాయివాడి దగ్గర కొన్నావనుకో, బండి ఆగిపోతే వాడి ఇంటికెళ్ళి నాలుగు దులిపి రావచ్చు. పెద్దమ్మ దగ్గర కొంటే? నడిరోడ్డు మీద ఆగిపోయినా ఫోన్లో ‘పెద్దమ్మా, బండి పూలరథంలా నడుస్తోంది’ అని చెప్పాలి. తోసుకుంటూ చెప్పాలి.”

“చూద్దాం,” అన్నారు చూద్దాంగారు.

మొదటి ఆదివారం బయల్దేరేటప్పుడు భార్య ఆయన జేబులు తడిమి, స్క్రూడ్రైవరూ నూనెబుడ్డీ తీసి బీరువా మీద పెట్టింది.

“చేతులు జేబులో పెట్టుకుని చూడండి. మీరు మామూలుగా చూసినట్టు చూడకండి. జనం చూసినట్టు చూడండి.”

పెద్దమ్మ వయసు అరవై తొమ్మిది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, సూపర్‌వైజరుగా రిటైరయిన మనిషి. గేటు దగ్గర్నుంచి పిలిస్తే పై అంతస్తువాళ్ళు కూడా “ఆఁ” అంటారు. ఆవిడ కారు ఇంటి పక్క రేకుల షెడ్డులో, పాత దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఆవిడ దుప్పటి లాగేసింది. కింద ఇరవై రెండేళ్ళ కారు, ఒకప్పుడు పసుపు రంగుది, ఇప్పుడు ఏ రంగుదో చెప్పడానికి మొహమాటపడుతోంది.

“ముందే చెబుతున్నాను, విను,” అంది పెద్దమ్మ. “ఎడంపక్క తలుపు లోపల్నించే తెరుచుకుంటుంది, బయట్నించి తెరుచుకోదు. హారను నొక్కితే వైపర్లు ఆడతాయి. నలభై దాటితే ఒణుకు పుడుతుంది. రెండో గేరు బతిమాలితే గానీ పడదు. అన్నిటికంటే, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎందుకాగుతుందో దానికే తెలీదు. అబద్ధం చెప్పి అంటగట్టాననుకో, రేపు నీ మొహం ఎలా చూస్తాను?”

“అబ్బే, అవేం పెద్ద లోపాలు కావు పెద్దమ్మా,” అన్నారు చూద్దాంగారు. అమ్మే మనిషి లోపాలు చెబుతుంటే కొనే మనిషి కొట్టిపారేయడం బేరాల చరిత్రలో అరుదే కావచ్చు. బంధువుల మధ్య మాత్రం మామూలే.

“మరి ఎందుకమ్మేస్తున్నావు?”

పెద్దమ్మ కాసేపు కారు అద్దం మీద దుమ్ము తుడిచింది. దుమ్మున్న చోట కాకుండా లేని చోట తుడిచింది.

“ఎనిమిది నెలల కింద నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఆగిపోయింది. ఇటు కదల్దు, అటు కదల్దు. వెనక లారీవాడు తల బయటపెట్టి, ‘ఇంట్లో కూర్చోవచ్చుగా మామ్మా’ అన్నాడు. ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లో కూర్చునేదానికి కారెందుకు?”

చూద్దాంగారు హారను నొక్కారు. వైపర్లు రెండూ లేచి, పొడి అద్దం మీద అటూ ఇటూ ఊగాయి. హారను వదిలితే పడుకున్నాయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ లేచాయి. ఆయన చేతులు జేబుల్లోకి వెళ్ళిపోయాయి, కానీ లోపల వేళ్ళు కదులుతున్నాయి. అయిదు నిమిషాలు నిగ్రహించుకున్నారు. ఆరో నిమిషంలో, “పెద్దమ్మా, ఇంట్లో స్క్రూడ్రైవరేమైనా ఉందా? ఊరికే, ఒక్క స్క్రూ,” అన్నారు.

ఆ ఒక్క స్క్రూ సాయంత్రం నాలుగింటికి పూర్తయింది. హారను నొక్కితే హారనే మోగింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. పెద్దమ్మ తలుపులోంచి చెయ్యి పెట్టి ఇంకోసారి నొక్కింది. ఆ తరవాత, సరిగ్గా ఉందో లేదోనని, ఇంకో మూడుసార్లు.

“ఏం తేల్చారు?” అంది భార్య, నల్లబడ్డ ఆయన గోళ్ళు చూస్తూ.

“ఇంకా చూడాలి. హారను వరకూ చూశాను.”

రెండో ఆదివారం తలుపు చూశారు. తలుపు లోపల ఒక చిన్న కడ్డీ కొక్కెంలోంచి ఊడి, ఎన్నేళ్ళుగానో కిందపడి ఉంది. దాన్ని ఎక్కించడంతో పని అయిపోవాలి. కానీ తలుపు విప్పినవాడు తలుపంతా చూడకుండా ఉంటాడా? అద్దం దింపే చక్రానికి పళ్ళు అరిగాయి, వాటిని సరిచేశారు. అయినా ఇంకా ఎండ ఉందని ఇంజను మూత ఎత్తారు. ఎత్తిన మనిషి అలాగే నిలబడిపోయారు. బెల్టు, చక్రాలు, నూనె, ఇంకో బెల్టు. సూది ఒక్కటే లేదు, మిగతావన్నీ తెలిసినవే. ఇన్నాళ్ళూ కారంటే ఏదో అనుకున్నానే, కూర్చోవడానికి చోటున్న కుట్టుమిషనేనా ఇది, అని ఆయన ఒళ్ళు పులకరించింది. పెట్రోలు వచ్చే గొట్టం మధ్యలో జల్లెడలాంటి చిన్న డబ్బా ఒకటి కనిపించింది. విప్పి చూస్తే దాన్నిండా నల్లటి మడ్డి. నడిరోడ్డు మీద బండి ఆగిపోవడానికి కారణం అరచేతిలో పట్టేంత ఉంది. కొత్త డబ్బా తెచ్చి వేసి, తాళం తిప్పారు. ఇంజను ఒక్కసారి దగ్గి, గొంతు సవరించుకుని, ఆ తరవాత ఎక్కడా తడబడకుండా తిరిగింది.

పెద్దమ్మ కాఫీ కప్పు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడిపోయింది.

“అంతేనా?” అంది. “ఈ డబ్బా కోసమా నేను మామ్మనయ్యాను?”

మూడో ఆదివారం క్లచ్చు తీగ బిగించి, ఇంజను కింద అరిగిపోయిన రబ్బరు దిమ్మలు మార్చారు. ఇక నడిపి చూడాలి. చూద్దాంగారికి లైసెన్సు ఉంది. స్కూటరు వేగంతో కారు నడపగల నేర్పూ ఉంది. అయితే పెద్దమ్మ ముందే డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది.

“దీని సంగతి నీకు తెలీదురా. మొదటిసారి నేను నడుపుతాను. నువ్వు పక్కన కూర్చుని చూడు.”

ముప్ఫై ఏళ్ళపాటు వేలమంది గొంతుల్ని వేలమందికి కలిపిన మనిషి ఆవిడ. రోడ్డుని కూడా స్విచ్‌బోర్డులాగే చూస్తుంది. ఎక్కడ ఖాళీ ఉందో కనిపెట్టడం, మరొకడు కనిపెట్టేలోపల అందులో దూరిపోవడం. రెండో గేరు వెన్నలో పడ్డట్టు పడింది. మూడోది ఎప్పుడు పడిందో చూద్దాంగారు గమనించలేదు. ఆయన ఆ సమయంలో కళ్ళు మూసుకుని ఉన్నారు.

“పెద్దమ్మా, ఎదురుగా బస్సు.”

“చూశాను. అదీ నన్ను చూసింది.”

“నలభై దాటింది.”

“ఒణుకుతోందా?”

“బండి ఒణకట్లేదు.”

“యాభై చూద్దామా?”

“పెద్దమ్మా, కూడలి.”

“ఏ కూడలి?” అంది పెద్దమ్మ. అప్పటికి కూడలి వెనక ఎక్కడో ఉంది. కిటికీలోంచి గాలి కొట్టి ఆవిడ ముడి ఊడిపోయింది. తెల్లజుట్టు మొహం మీద పడుతుంటే దాన్ని ఊదుకుంటూ, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఎక్స్ఛేంజిలో రాత్రి డ్యూటీల్లో కాల్స్ లేనప్పుడు పాడుకున్న ఏదో కూనిరాగం ఎత్తుకుంది. పార్కు చుట్టూ ఒకసారి తిరిగి వద్దామని బయల్దేరినవాళ్ళు మూడుసార్లు తిరిగారు. మూడోసారి పార్కు కాపలాదారు వాళ్ళకి చెయ్యి ఊపాడు.

షెడ్డులోకి వచ్చి ఇంజను ఆపాక, చూద్దాంగారు సీటుని పట్టుకున్న వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీసుకున్నారు. భయంగా ఉంది, నవ్వొస్తోంది, ఇంకోసారి వెళితే బాగుండుననిపిస్తోంది. ఈ మూడూ ఒకేసారి కలగడం మంచి లక్షణమో కాదో ఆయనకి తెలియలేదు.

నాలుగో ఆదివారం భార్య కూడా వెంట వచ్చింది. చూద్దాంగారు బండి కిందికి దూరారు. అత్తాకోడళ్ళిద్దరూ బయట కుర్చీలు వేసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భార్య సావధానంగా అంది:

“ఏవండీ, మీ పెద్దమ్మగారు నల్లకళ్ళజోడు కొనుక్కున్నారు.”

“ఎండలు కదా.”

“షెడ్డులో ఎండేమిటండీ? కారుకి కొత్త సీటు కవర్లు కుట్టించారు. లేత గులాబీ రంగువి. అమ్మేసే బండికి ఎవరైనా సీటు కవర్లు కుట్టిస్తారా?”

“మనకి అందంగా ఉండాలని కుట్టించి ఉంటుంది. అటువంటి మనిషి.”

“ఇంక దాన్ని ముట్టుకోకండి. మీరు ఇంకొక్క స్క్రూ బిగించారంటే ఆవిడ దాన్ని అమ్మరు.”

“సరిగ్గా చూడకుండా ఎలా కొంటాం?” అన్నారు చూద్దాంగారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. “ఇంకా బ్రేకులు చూడలేదు.”

అయిదో ఆదివారం బ్రేకులు చూశారు. సైలెన్సరు చూశారు. బాగానే ఉన్న దీపాలు కూడా, బాగున్నాయని నమ్మకం కుదరక, విప్పి చూశారు. చివరికి పాత సబ్బుపొడితో కడిగేసరికి పోయిందనుకున్న పసుపు రంగు బయటికి వచ్చింది. సాయంత్రం పెద్దమ్మే ఆయన్ని ఇంటి దగ్గర దింపింది. దారిలో ఒక్క మాటైనా అనలేదు. పెద్దమ్మ మౌనంగా ఉండటం ఎక్స్ఛేంజిలో సమ్మె జరిగినప్పుడు తప్ప ఎవరూ ఎరగరు. చూద్దాంగారు దీన్ని వాత్సల్యం అనుకున్నారు.

ఆరో ఆదివారం ఆయన తెల్లచొక్కా వేసుకుని, భార్యని కూడా వెంటబెట్టుకుని బయల్దేరారు. డబ్బు కవరులో పెట్టి, ఆ కవరు ఇంకో కవరులో పెట్టారు. మర్నాడే ఒకటో తారీకు, సోమవారం. స్కూటరు మీద నూట నలభై మిషన్లు మోసే దారి లేదు. సూపర్‌వైజరు మళ్ళీ వచ్చి అడగదు. ఇలాంటి పని ఈ వయసులో ఇంకోసారి రాదు. ఇవన్నీ బస్సులో మనసులో మననం చేసుకుంటూ, ఒక వాక్యాన్ని కూడా తయారుచేసుకున్నారు. పొడుగైన వాక్యమేం కాదు గానీ, అలవాటు లేని వాక్యం.

పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. ఎవరూ అడగలేదు. ముగ్గురూ చేదు కాఫీ ఎంతో మర్యాదగా తాగారు.

“పెద్దమ్మా, అంతా చూశాను. బండి బ్రహ్మాండంగా ఉంది. కొంటాను.”

అన్నారు. నిజంగా అన్నారు. భార్య ఆయన వైపు తిరిగి, ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చినట్టు చూసింది.

“అవున్రా, బ్రహ్మాండంగా ఉంది,” అంది పెద్దమ్మ. “మాటిచ్చాను. మాట మాటే. ఇదిగో తాళం.”

చెయ్యి చాచింది. గుప్పిట్లో తాళం ఉంది. చూద్దాంగారు పట్టుకున్నారు. తాళం రాలేదు. కొంచెం లాగారు. గుప్పిట కూడా వచ్చింది గానీ విడలేదు. పెద్దమ్మ ఆ గుప్పిటని తనది కానట్టు, ఎవరి చెయ్యో ఇలా ప్రవర్తిస్తోందన్నట్టు, విస్మయంగా చూస్తోంది. ఆవిడ వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

చూద్దాంగారు ఆ కణుపుల్ని చూశారు. కారుని ఆరు వారాలు చూశారు గానీ ఆవిడ చేతిని ఇప్పుడే చూస్తున్నారు. తాళం వదిలేశారు.

“వద్దులే పెద్దమ్మా. నీ బండి నువ్వే ఉంచుకో. మాకేం తొందర లేదు. ఊరికే చూద్దామని వచ్చాం.”

ఆయన గొంతు మామూలుగానే ఉంది. జేబులోని కవరు మాత్రం ఇస్తిరి పెట్టెలా గుండెకి ఆనుకుని కాలుతోంది. భార్య ఖాళీ కప్పు బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకి ఇద్దరూ అటు తిరిగారు.

“అత్తయ్యగారూ, ఒక్క ముక్కలో చెబుతాను. ఫ్యాక్టరీలో నూట నలభై మిషన్లు. రేపు ఎనిమిదింటికి కారుతో గేటు దగ్గరుండాలి. లేకపోతే ఆ పని ఇంకొకళ్ళకి పోతుంది.”

షరతు తునాతునకలైంది. చూద్దాంగారు తల వంచుకున్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది.

“ఆరు వారాలు నా బండి కింద పడుకున్నావు. బోల్టు బోల్టుకీ కబుర్లు చెప్పావు. ఈ ముక్క నాకు చెప్పడానికి నోరు రాలేదూ?”

“చెబితే ఊరికే ఇచ్చేస్తావని.”

“ఇచ్చేదాన్నే. ఆ మొదటి ఆదివారమే తాళం నీ మొహాన కొట్టేదాన్ని. హారను నొక్కితే వైపర్లాడే బండి ఎవడిక్కావాలి? దాన్ని నువ్వేరా బాగుచేశావు. బాగుచేసి నా ప్రాణానికి తగిలించావు. నేనేమో నువ్వు మోజు కొద్దీ అడుగుతున్నావనుకుని, ఎలా వద్దనాలా అని వారం రోజులుగా నిద్రపోవట్లేదు.”

“నువ్వూ చెప్పలేదుగా పెద్దమ్మా.”

“ఎలా చెబుతాను? కొనుక్కుంటానని అంత ముచ్చటగా వస్తుంటే?”

ఎవరి మర్యాద ఎక్కువ చెడ్డదో తేల్చుకుంటున్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంతలో పెద్దమ్మ మొహంలో ఏదో వెలిగింది. ఎక్స్ఛేంజిలో, తెగిపోయిన లైనుకి వేరే దారి కనిపించినప్పుడు బహుశా ఇలాగే వెలిగేదేమో.

“ఆ ఫ్యాక్టరీ ఎంత దూరం?”

“ఇరవై రెండు కిలోమీటర్లు.”

“దారిలో సిగ్నళ్ళెన్ని?”

“ఊరు దాటాక ఒక్కటీ లేదు.”

“ఒక్కటీ?” అంది పెద్దమ్మ, చాలా మృదువుగా. “రోడ్డు తిన్నగా ఉంటుందా?”

“పెద్దమ్మా, వద్దు,” అన్నారు చూద్దాంగారు, విషయం ఎటు పోతోందో అర్థమై.

“ఎవరడిగారు నిన్ను? మిషన్లు ఎన్ని పడతాయి వెనక?”

“డిక్కీలో మూడు, సీటు మీద నాలుగు,” అంది భార్య తడుముకోకుండా. ఎప్పుడు కొలిచిందో, దేంతో కొలిచిందో ఎవరికీ తెలియదు. “ఆయన ఒళ్ళో ఒకటి.”

“ఎనిమిది. స్కూటరు మీద ఒకటి. నా బండికి అమ్మకం లేదు. అద్దెకీ లేదు. పొద్దున్నే నేనొస్తాను, నేనే నడుపుతాను, పెట్రోలు మీరు పోయించండి. ఆ కవరు లోపల పెట్టుకో, చెమట పట్టేస్తోంది. ఇంకేమైనా ఉందా?”

“నువ్వు రోజూ రావడమెందుకు పెద్దమ్మా, నీకు శ్రమ...”

“శ్రమా?” అంది పెద్దమ్మ. ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. ఆ నవ్వు కొంచెంసేపు లోపల తిరిగి, బయటపడి, కోడలికి అంటుకుంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది. చూద్దాంగారు గంభీరంగా ఉండటానికి ప్రయత్నించారు. పై అంతస్తువాళ్ళు “ఏమైంది?” అని కిందికి తొంగిచూసేసరికి ఆయన కుర్చీలో వాలిపోయి, కళ్ళజోడు చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఉన్నారు. అప్పటిదాకా చేదుగా ఉన్న ఆ కాఫీ రెండో విడతలో మళ్ళీ వచ్చింది. అందులో చక్కెర రెండుసార్లు పడింది.

సోమవారం పొద్దున ఏడింటికి ముందే వీధంతా మేలుకుంది. ఆ హారను అంత బాగా పనిచేస్తోంది. పసుపుపచ్చ కారు, గులాబీ సీట్లు, నల్లకళ్ళజోడుతో పెద్దమ్మ. ఆసుపత్రికి వెళ్ళాల్సిన భార్య వెనక సీట్లో, తలుపు పక్కన, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడని బస్టాపు దగ్గర దింపుతామన్నారు. బస్టాపు వచ్చింది, పోయింది. ఆవిడ దిగే ప్రస్తావనే తేలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గరే దింపి, కారు ఊరి బయటికి తిరిగింది.

సిగ్నళ్ళు లేని రోడ్డు అక్కడ మొదలైంది. తిన్నగా, నున్నగా, ఎంతదూరం చూసినా ఖాళీగా ఉంది. పెద్దమ్మ దాన్ని ఒక క్షణం చూసింది, ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది, గేరు మార్చింది. ఆ తరవాతి పన్నెండు నిమిషాల గురించి చూద్దాంగారు ఎవరు అడిగినా వివరంగా చెప్పలేకపోయారు. చెట్లు ఒక దాన్లోంచి ఒకటి దూరిపోతున్నాయనీ, తన పెద్దమ్మ పాడుతోందనీ, ఆ పాటకి ఎవరో గొంతు కలుపుతున్నారనీ, కొంతసేపటికి ఆ గొంతు తనదేనని తెలిసిందనీ మాత్రం గుర్తు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదికి ఇంకా పదకొండు నిమిషాలుంది. వాచ్‌మన్ లావుపాటి రిజిస్టరు తెరిచి, పెన్సిలు నాలికకి అద్దుకుని, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు.

“బండి ఎవరిది?”

“నాది,” అంది పెద్దమ్మ.

“డ్రైవరెవరు?”

“నేనే.”

అతను ఆవిడ జుట్టునీ కళ్ళజోడునీ మార్చి మార్చి చూశాడు. తరవాత పక్కసీట్లో, పనిముట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, జుట్టంతా నిక్కబొడుచుకుని, మొహమంతా నవ్వుతో కూర్చున్న మనిషిని చూశాడు.

“మరి ఈయన? ఓనరూ కాదు, డ్రైవరూ కాదు. ఏమని రాయను?”

పెద్దమ్మ కూడా ఆయన వైపు ఒకసారి పరిశీలనగా చూసింది.

“సామాను కింద రాసుకో,” అంది. “జాగ్రత్తగా రాయి. సాయంత్రం ఇలాగే తిరిగి తీసుకెళ్ళాలి.”

వాచ్‌మన్ రాసుకుని, గేటు తెరిచాడు.